ల్యాప్‌టాప్‌కి బ్లూ-రే డ్రైవు కావాలా?



కొత్త ల్యాప్‌టాప్ కొన్నాక చాలామంది దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తారు. పక్కన ఉండాల్సిన సీడీ ట్రే కనిపించదు. కొత్తవలసలో కంప్యూటర్లు బాగుచేసే పని నాది కాబట్టి ఆ సందేహం తిరిగి తిరిగి నా బల్ల దగ్గరికే వస్తుంది. పెద్దవాళ్ళు ఒకలా అడుగుతారు: "ఏటి బాబూ, ఇంత డబ్బెట్టి కొన్నాం, సీడీ ఎట్టడానికి సోటే లేదేటి?" ఇంజనీరింగ్ చదివే కుర్రాళ్ళు ఇంకోలా అడుగుతారు: "అన్నా, డ్రైవు ఎలాగూ విడిగా కొనాలి కదా, డీవీడీది ఎందుకు? ఏకంగా బ్లూ-రే తీసుకుంటే హెచ్‌డీ సినిమాలు చూడొచ్చు కదా?"

రెండూ అడగాల్సిన ప్రశ్నలే. సినిమా అంటే ప్రాణమిచ్చే జనం మనం. పెళ్ళి వీడియోని బీరువాలో పట్టుచీరల మధ్య దాచుకునే జనం. కాబట్టి దీని గురించి కాస్త తీరిగ్గా మాట్లాడుకోవాలి. నా మాట ముందే చెప్పేస్తాను. బ్లూ-రేలో బొమ్మ ఎంత బాగుంటుందో చూసి ఈ డ్రైవు కొనకండి. మీ ఇంట్లో ఏ డిస్కులున్నాయో బయటికి తీసి చూసుకుని, అప్పుడు నిర్ణయించుకోండి. చాలా ఇళ్ళకు మామూలు డీవీడీ డ్రైవు చాలు. కొద్దిమందికి బ్లూ-రే అవసరమే. ఆ కొద్దిమంది ఎవరన్నది కూడా చెబుతాను.

ముందు ఈ డిస్కు సంగతి తెలుసుకుందాం. సీడీ 1982లో మార్కెట్లోకి వచ్చింది, డీవీడీ 1996లో, బ్లూ-రే సినిమాలు 2006లో. మూడింటి వెడల్పూ 12 సెంటీమీటర్లే, మందం కూడా ఒకటే. చేతిలో పట్టుకుంటే తేడా తెలీదు. అయినా సీడీలో 700 మెగాబైట్లు పడితే, మామూలు డీవీడీలో 4.7 గిగాబైట్లు పడతాయి. బ్లూ-రేలో ఒక్క పొరలోనే 25 గిగాబైట్లు, రెండు పొరలైతే 50. ఇంత తేడాకి మూలం చదివే కాంతిలో ఉంది. సీడీని చదివే లేజరు కంటికి కనిపించని పరారుణ కాంతి, దాని తరంగం పొడవు 780 నానోమీటర్లు. డీవీడీది ఎర్ర కాంతి, 650. బ్లూ-రేది నీలానికీ ఊదాకీ మధ్య రంగు, 405. తరంగం పొట్టిదైతే కాంతిని మరింత చిన్న చుక్కగా కుదించవచ్చు. చుక్క చిన్నదైతే డిస్కు మీద సమాచారాన్ని మోసే గుర్తులూ చిన్నవవుతాయి, వరసలూ దగ్గరగా జరుగుతాయి. పలక అదే, బలపం మొన సన్నబడిందన్నమాట. సీడీలో వరసకీ వరసకీ మధ్య 1.6 మైక్రోమీటర్ల ఎడం ఉంటే, డీవీడీలో అది 0.74, బ్లూ-రేలో 0.32.

ఆ నీలి కాంతిని చిన్న చిప్పు ముక్క నుంచి రాబట్టడం చాలా ఏళ్ళు ఎవరికీ సాధ్యపడలేదు. గాలియం నైట్రైడ్ అనే పదార్థాన్ని పట్టుకుని పట్టు వదలకుండా పనిచేసిన ముగ్గురు, ఇసాము అకసాకి, హిరోషి అమానో, షూజీ నకమురా, నీలి ఎల్ఈడీని సాధించారు. అందుకు వాళ్ళకు 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ దారిలోనే నీలి లేజరూ వచ్చింది. నకమురా ఆ రోజుల్లో పనిచేసింది టోక్యోకి చాలా దూరంగా, షికోకు దీవిలో తొకుషిమా ప్రాంతంలో ఉన్న నిచియా అనే కంపెనీలో. జపాన్ పేరు మన ఊరికి కొత్తేమీ కాదు. మన స్టేషన్ దగ్గర చీలి అరకు మీదుగా కిరండూల్ దాకా వెళ్ళే రైలు మార్గం 1960లలో పడింది. బైలదిల్లా కొండల ఇనప ఖనిజాన్ని విశాఖ రేవుకి చేర్చి జపాన్ ఉక్కు కర్మాగారాలకు పంపడానికే దాన్ని వేశారు. మన గేటు దగ్గర ఆగి ఆ గూడ్సు బండ్ల పెట్టెలు లెక్కపెట్టిన చిన్నతనం ఇక్కడ చాలామందికి గుర్తుండే ఉంటుంది.

బ్లూ-రే వచ్చిన 2006లోనే దానికి పోటీగా హెచ్‌డీ డీవీడీ అని ఇంకో డిస్కు వచ్చింది. తోషిబా దాని వెనక నిలబడింది, సోనీ బ్లూ-రే వెనక. సోనీ తన వైయో ల్యాప్‌టాప్‌లో బ్లూ-రే డ్రైవు పెట్టింది, తోషిబా తన కాస్మియో ల్యాప్‌టాప్‌లో హెచ్‌డీ డీవీడీ డ్రైవు పెట్టింది. రెండూ బాగా ఖరీదైన మెషీన్లు. 2008 జనవరిలో వార్నర్ బ్రదర్స్ సంస్థ తన సినిమాలు ఇకమీదట బ్లూ-రేలోనే వస్తాయని చెప్పింది. అది జరిగి రెండు నెలలు తిరక్కముందే, ఫిబ్రవరి 19న, తోషిబా హెచ్‌డీ డీవీడీని ఆపేస్తున్నట్టు ప్రకటించింది. కాస్మియో కొన్నవాళ్ళ చేతిలో ల్యాప్‌టాప్ బాగానే ఉంది. డ్రైవుకే పెట్టడానికి కొత్త డిస్కులు లేకుండా పోయాయి. అదే ఏడాది అక్టోబరులో, గెలిచిన బ్లూ-రేని కూడా తన మ్యాక్ కంప్యూటర్లలో ఇప్పట్లో పెట్టబోనని ఆపిల్ అధిపతి స్టీవ్ జాబ్స్ చెప్పాడు. లైసెన్సుల గొడవ మరీ చిక్కుగా ఉందన్నది ఆయన కారణం. ఆ చిక్కు కొనేవాళ్ళ నెత్తిమీద ఎలా పడుతుందో కాసేపట్లో చెబుతాను.

ఇప్పుడు బొమ్మ దగ్గరికి వద్దాం. ఇక్కడ కాస్త లెక్క అవసరం. లెక్క చేసి చూస్తే డబ్బు మిగులుతుంది.

మన ఇళ్ళల్లో ఒకప్పుడు సినిమా అంటే వీసీడీ. ఒక సినిమాకి రెండు సీడీలు, పెద్ద సినిమా అయితే మూడు. రెండో సీడీ అరిగిపోయి ఇంటర్వెల్ తర్వాత కథ మధ్యలో ఆగిపోవడం అందరికీ అనుభవమే. ఆ వీసీడీ బొమ్మలో అడ్డంగా 352, నిలువుగా 288 చుక్కలు. మొత్తం లక్ష చిల్లర. డీవీడీలో 720కి 576, అంటే నాలుగు లక్షల పైచిలుకు. బ్లూ-రేలో 1920కి 1080, అంటే 20 లక్షల 73 వేల 600 చుక్కలు. డీవీడీకి సరిగ్గా అయిదు రెట్లు, వీసీడీకి ఇరవై రెట్లు. కాగితం మీద ఇది గొప్ప తేడానే. కానీ ఆ చుక్కలన్నీ కనిపించాలంటే తెర మీద కూడా అన్ని చుక్కలుండాలి కదా. మన దగ్గర ఏళ్ళ తరబడి అమ్ముడుపోయిన తక్కువ ధర ల్యాప్‌టాప్‌ల తెర 1366కి 768. లెక్క కడితే పది లక్షల 49 వేల చుక్కలు. అంటే బ్లూ-రే డిస్కు పంపిన బొమ్మలో సగం చుక్కలకి ఆ తెర మీద చోటే లేదు. పాత ల్యాప్‌టాప్‌కి బ్లూ-రే డ్రైవు తగిలించాలనుకునేవాళ్ళు ముందు ఈ సంగతి చూసుకోవాలి. డెస్క్‌టాప్ మీద కుడి బటన్ నొక్కి డిస్‌ప్లే సెట్టింగ్స్ తెరిస్తే మీ తెర చుక్కల లెక్క అక్కడే రాసి ఉంటుంది.

ఇప్పుడొచ్చే ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి 1920కి 1080 తెర ఉంటోంది. అలాంటి 15.6 అంగుళాల తెరని రెండడుగుల దూరం నుంచి చూస్తే, మంచి చూపున్న కన్ను ఆ చుక్కల్ని అంతంతమాత్రంగా విడదీయగలదు. అంతకు మించిన సన్నదనం ఆ దూరంలో కంటికి అందదు. కాబట్టి ల్యాప్‌టాప్ మీద 4కే బొమ్మ కోసం ఆరాటపడక్కర్లేదు.

ఓటీటీలో వచ్చే హెచ్‌డీ, డిస్కులో ఉండే హెచ్‌డీ ఒకటేనా అంటే, కాదు. ఈ మాట చెప్పడం న్యాయం. ఫుల్ హెచ్‌డీకి సెకనుకి 5 మెగాబిట్ల వేగం చాలని నెట్‌ఫ్లిక్స్ చెబుతుంది. ఆ లెక్కన మూడు గంటల సినిమా ఏడు గిగాబైట్లలోపే సర్దుకుంటుంది. బ్లూ-రేలో బొమ్మకి సెకనుకి 40 మెగాబిట్ల దాకా కేటాయించవచ్చు, అందుకే అదే సినిమా 40 గిగాబైట్ల పైన కూడా పడుతుంది. వాన, దుమ్ము, జాతర జనం, చీకట్లో దీపం వెలుగు: ఇలాంటి చోట్ల ఓటీటీ బొమ్మ చతురస్రాలుగా చెదిరిపోతుంది. డిస్కు బొమ్మ నిలకడగా ఉంటుంది. యాభై అయిదు అంగుళాల టీవీ, దానికి మంచి స్పీకర్లు ఉన్న ఇంట్లో ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది. మరి ల్యాప్‌టాప్ స్పీకర్ల సంగతి మీకు తెలిసిందే. ఆ డిస్కులో ఏ మాత్రం కుదించకుండా దాచిన శబ్దాన్ని అవి మోయలేవు.

ఇంతకీ ఆ డిస్కులు మన దగ్గర ఉన్నాయా? 2007 ప్రాంతంలో మోజర్ బేర్ అనే కంపెనీ సినిమా వీసీడీ 28 రూపాయలకీ డీవీడీ 34 రూపాయలకీ అమ్మడం మొదలుపెట్టింది. తెలుగు సినిమాలూ వాటిలో వచ్చాయి. టీ కొట్టు పక్కన, బస్టాండులో, కిరాణా షాపులో కూడా అవి వేలాడేవి. తర్వాత ఆ కంపెనీ అప్పుల్లో కూరుకుపోయి 2018లో మూతపడే దారి పట్టింది. కానీ ఆ డిస్కులు మాత్రం మన ఇళ్ళలో ఉండిపోయాయి. బ్లూ-రేకి అలాంటి రోజులు మన ఊళ్ళల్లో ఎప్పుడూ రాలేదు. తెలుగు సినిమాలు ఆ రూపంలో వచ్చినవే తక్కువ. విచిత్రమేమిటంటే బాహుబలి, ఆర్ఆర్ఆర్ లాంటి సినిమాలని చక్కటి పెట్టెల్లో బ్లూ-రే డిస్కులుగా కొనుక్కుని అపురూపంగా దాచుకునే అభిమానులు జపాన్‌లో ఉన్నారు. అక్కడ ఆర్ఆర్ఆర్ 2022 అక్టోబరులో థియేటర్లకు వచ్చి చాలాకాలం ఆడింది.

అమెరికాలో ఉన్న అబ్బాయో, జపాన్ వెళ్ళొచ్చిన స్నేహితుడో అలాంటి డిస్కు ఒకటి తెచ్చిచ్చాడనుకోండి. అప్పుడు స్టీవ్ జాబ్స్ విసుక్కున్న చిక్కు మన గుమ్మంలోకి వస్తుంది. బ్లూ-రేలో ప్రపంచాన్ని మూడు ప్రాంతాలుగా విడగొట్టారు. అమెరికా, జపాన్ ఎ కిందికి వస్తాయి. మన దేశం సి కిందికి వస్తుంది. ప్రాంతం తాళం వేసిన డిస్కు అయితే అక్కడిది ఇక్కడి ఏర్పాటులో ఆడదు. తాళం లేని డిస్కులూ ఉన్నాయి, కొనేముందు అట్ట వెనక చూసుకోవాలి. ఇది ఒక మెట్టు. రెండో మెట్టు, డిస్కు మీద ఏఏసీఎస్ అనే గూఢలిపి ఉంటుంది. దాన్ని విప్పే హక్కున్న సాఫ్ట్‌వేర్ విడిగా కొనాలి. విండోస్ అది ఎప్పుడూ ఇవ్వలేదు. విండోస్ 8 నుంచి డీవీడీ సినిమా ఆడించే ఏర్పాటు కూడా మామూలుగా రావడం లేదు. డీవీడీకైతే ఉచితంగా దొరికే వీఎల్‌సీ ప్లేయర్ ఉంది, బాగా ఆడుతుంది. కొన్న బ్లూ-రే సినిమా మాత్రం ఆ ప్లేయర్లో పెట్టగానే ఆడదు. పైగా కొత్త డిస్కులకు కొత్త తాళాలు వస్తుంటాయి కాబట్టి డబ్బు పెట్టి కొన్న సాఫ్ట్‌వేర్‌ని కూడా అప్‌డేట్ చేస్తూ ఉండాలి. కంపెనీ అప్‌డేట్ ఆపేస్తే మన డ్రైవు, మన డిస్కు, మన ల్యాప్‌టాప్ మూడూ బాగానే ఉండి సినిమా మాత్రం రాదు.

4కే బ్లూ-రే సంగతి ఇంకా దారుణం. 2016లో అది వచ్చింది. కంప్యూటర్లో దాన్ని సవ్యంగా ఆడించాలంటే ప్రాసెసర్లో ఎస్‌జీఎక్స్ అనే రక్షణ ఏర్పాటు ఉండాలని షరతు పెట్టారు. ఇంటెల్ తన 11వ తరం కోర్ ప్రాసెసర్ల నుంచి ఆ ఏర్పాటుని ఎత్తేసింది. అంటే కొత్త ల్యాప్‌టాప్ కొన్నవాళ్ళకు ఆ దారి మూసుకుపోయింది, పాతదాన్ని పట్టుకుని కూర్చున్నవాళ్ళకే ఉంది. డబ్బు పెట్టి డిస్కు కొన్న మనిషిని ఇలా గుమ్మం బయట నిలబెట్టడం నాకు ఎంతమాత్రం నచ్చని విషయం.

ప్రయాణాల్లో చూడటానికి డిస్కు బాగుంటుంది కదా, నెట్ అక్కర్లేదు కదా అని కొందరంటారు. కిరండూల్ పాసింజరులో అరకు వెళ్ళేవాళ్ళకు తెలుసు. శృంగవరపుకోట, బొడ్డవర దాటి శివలింగపురం దగ్గర బండి కొండెక్కడం మొదలుపెడితే వరసగా సొరంగాలే. ఫోను సిగ్నలు వస్తూ పోతూ ఉంటుంది. నిజమే, అక్కడ ఓటీటీ నమ్ముకోలేం. కానీ ఊగే బండిలో, ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని, అందులో డిస్కు గిరగిరా తిప్పడం డ్రైవుకీ మంచిది కాదు, బ్యాటరీకీ మంచిది కాదు. ఇంట్లో ఉండగా ఓటీటీ యాప్‌లోనే డౌన్‌లోడ్ చేసుకుని వెళ్తే ఆ పూట గడిచిపోతుంది.

అయితే డ్రైవే అక్కర్లేదా అంటే, చాలా ఇళ్ళకు కావాలి. కాకపోతే సినిమా కోసం కాదు. పెళ్ళి వీడియో కోసం, ఆస్పత్రి డిస్కు కోసం.

పెళ్ళి వీడియోలో నేను రోజూ చూసే సంగతి చెబుతాను. మీ పెళ్ళి 2000కి ముందు జరిగి ఉంటే అది వీహెచ్ఎస్ క్యాసెట్ మీద ఉండేది. తర్వాత ఎవరో మిక్సింగ్ షాపులో దాన్ని సీడీగానో డీవీడీగానో మార్చి ఇచ్చి ఉంటారు. ఆ బొమ్మని ఇప్పుడు బ్లూ-రేకి ఎక్కించినా తలంబ్రాలు మరింత తెల్లగా కనపడవు. కెమెరా పట్టనిది డిస్కు ఇవ్వలేదు. "హెచ్‌డీ చేసి ఇస్తాం" అని ఎవరైనా వేలు అడిగితే ఆలోచించుకోండి. మీ పెళ్ళి 2010 తర్వాత జరిగి ఉంటే కథ వేరు. అప్పటికి మన ఊళ్ళల్లోకి ఫుల్ హెచ్‌డీ కెమెరాలు వచ్చేశాయి. షూటింగు హెచ్‌డీలో జరిగేది, మిక్సింగు కూడా చాలాచోట్ల హెచ్‌డీలోనే జరిగేది. కానీ చివర్లో ఇంటికి ఇచ్చింది మాత్రం డీవీడీ. ఎందుకంటే టీవీ కింద ఉండేది డీవీడీ ప్లేయరే. అలా ఇరవై లక్షల చుక్కల బొమ్మని నాలుగు లక్షల చుక్కలకి కుదించి మన చేతికి ఇచ్చారు. అసలు బొమ్మ స్టూడియో హార్డ్ డిస్కులో ఉండిపోయింది. అది ఇంకా ఉందేమో అడగండి. ఉంటే ఒక పెన్‌డ్రైవు పట్టుకెళ్ళి ఆ ఫైలు అలాగే, ఏమీ మార్చకుండా కాపీ చేసి ఇమ్మనండి. బ్లూ-రే డ్రైవు మీద పెట్టే డబ్బుకన్నా ఈ ఒక్క అడగడం మీకు ఎక్కువ హెచ్‌డీ తెచ్చిపెడుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ స్టూడియోలు హార్డ్ డిస్కులు ఖాళీ చేసుకుంటాయి కాబట్టి ఈ పని వాయిదా వేయకండి.

ఆస్పత్రి డిస్కు సంగతి ఇంకా ముఖ్యం. విశాఖలోనో విజయనగరంలోనో సీటీ స్కాను, ఎమ్మారై తీయించుకుంటే చాలాచోట్ల పెద్ద ఫిల్ముతోపాటు ఒక సీడీ ఇస్తారు. ఫిల్ము మీద అచ్చువేసేది ఎంచిన కొన్ని బొమ్మలే. సీడీలో అన్నీ ఉంటాయి, వందల కొద్దీ. వాటిని డైకామ్ అనే పద్ధతిలో దాస్తారు. రెండేళ్ళ తర్వాత ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్తే పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూడటానికి ఆయనకి ఆ సీడీయే కావాలి. ఆ డాక్టరు ల్యాప్‌టాప్‌కీ ఇప్పుడు డ్రైవు ఉండకపోవచ్చు. కాబట్టి సీడీ ఇచ్చిన వారంలోనే అందులో ఉన్న ఫోల్డర్లన్నీ, ఒక్కటి కూడా వదలకుండా, పెన్‌డ్రైవులోకి ఎక్కించి రోగి పేరు, తేదీ వేసి ఉంచండి. బొమ్మల్ని ఫోనుతో ఫొటో తీసుకుని సరిపెట్టుకోకండి, డాక్టరుకి కావలసిన కొలతలు అందులో ఉండవు.

ఈ రెండు పనులకీ యూఎస్‌బీతో తగిలించుకునే మామూలు డీవీడీ రైటరు చాలు. ఇవాళ్టి ధరల్లో దాదాపు ఒకటిన్నర, రెండు వేల రూపాయల్లో వస్తుంది. బ్లూ-రే రాసే డ్రైవుకి దానికి నాలుగైదు రెట్లు పెట్టాలి. ల్యాప్‌టాప్ లోపలే డ్రైవు ఉన్న మోడల్ కోసం వెతక్కండి. ఆ డ్రైవులు 12.7 మిల్లీమీటర్ల మందంతో, తర్వాత 9.5 మిల్లీమీటర్లతో వచ్చేవి. ఇప్పటి పల్చటి ల్యాప్‌టాప్‌లలో అంత చోటే లేదు. పైగా రోజూ వీపు మీద మోసుకుంటూ రైలెక్కే పిల్లలకి ఏడాదికి రెండుసార్లు వాడే డ్రైవు ఎందుకు? ఇంట్లో ఒక మూల ఉంటే చాలు. అన్నదమ్ముల ఇళ్ళు రెండు మూడు కలిసి ఒకటి కొనుక్కున్నా సరిపోతుంది.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. డిస్కు తిరగడం మొదలుపెట్టేటప్పుడు డ్రైవు ఎక్కువ కరెంటు లాగుతుంది. పాత యూఎస్‌బీ పోర్టు ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు, నీలం రంగు నాలుకతో ఉండే యూఎస్‌బీ 3 పోర్టు ఇచ్చేది 900. డ్రైవు టిక్కు టిక్కుమంటూ డిస్కుని గుర్తించకపోతే డ్రైవు పాడైందని తిరిగిచ్చేయకండి. పోర్టు మార్చి చూడండి, హబ్బు మధ్యలో లేకుండా నేరుగా ల్యాప్‌టాప్‌కే పెట్టండి. రెండు మొనలున్న కేబుల్ ఇస్తే రెండూ గుచ్చండి. ఇంకో మాట. హ్యాండీక్యామ్‌తో తీసిన చిన్న డిస్కులు, 8 సెంటీమీటర్లవి, మీ దగ్గర ఉంటే ట్రే ఉన్న డ్రైవే తీసుకోండి. చీలికలోంచి లోపలికి లాక్కునే డ్రైవులో చిన్న డిస్కు పెడితే లోపలే ఇరుక్కుంటుంది.

పాత ల్యాప్‌టాప్‌లో డ్రైవు పనిచేయడం మానేస్తే దాని బదులు బ్లూ-రే వేయించకండి. ఆ చోట క్యాడీ అనే చట్రం పెట్టి అందులోకి పాత హార్డ్ డిస్కుని మార్చి, అసలు చోట ఎస్ఎస్‌డీ వేయిస్తే ఆ మెషీన్ ఇంకో మూడు నాలుగేళ్ళు హాయిగా నడుస్తుంది.

మరి బ్లూ-రే ఎవరికి కావాలి? ఇప్పటికే బ్లూ-రే డిస్కులు కొని దాచుకున్నవాళ్ళకి. వాటిని టీవీ మీద చూసేందుకు విడిగా ప్లేయరు ఉంటే ఇంకా మేలు. కాకపోతే ప్లేయర్లు కూడా తగ్గిపోతున్నాయి. శామ్‌సంగ్ 2019లో చేతులెత్తేసింది, ఎల్‌జీ 2024 చివర్లో ఆపేసింది. ఇక రెండో రకం, తీసిన వీడియోలని, ఫొటోలని ఏళ్ళ తరబడి దాచాల్సినవాళ్ళు: ఫొటో స్టూడియోలు, హరికథలు, తప్పెటగుళ్ళు, జముకుల కథలు రికార్డు చేసి పెట్టుకునే కళాభిమానులు. రాసే బ్లూ-రే డిస్కుల్లో మంచి రకంలో సమాచారం పట్టే పొర ఖనిజ పదార్థంతో చేసి ఉంటుంది. రాసే సీడీ, డీవీడీల్లో ఉండేది రంగు పొర, ఎండకీ వేడికీ వెలిసిపోతుంది. బ్లూ-రేలోనూ రంగు పొర రకం ఉంది, దాన్ని ఎల్‌టీహెచ్ అంటారు. దాచుకోవడానికి అది తీసుకోకండి. ఒక్కసారే రాయగలిగే రకం డిస్కుని వైరస్ చెరపలేదు, పొరపాటున డిలీట్ నొక్కినా పోదు. ఫేస్‌బుక్ లాంటి సంస్థే 2014 జనవరిలో పది వేల బ్లూ-రే డిస్కులు పట్టే బీరువా ఒకటి తయారుచేసి చూపించింది. అరుదుగా తెరిచే ఫొటోలని అందులో దాచాలని వాళ్ళ ఆలోచన.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద విరుచుకుపడినప్పుడు మన వైపు కూడా కరెంటు, ఫోన్లు, నెట్టు రోజుల తరబడి లేవు. రేకులు లేచిపోయిన ఇళ్ళల్లో ఎలక్ట్రానిక్ సామాను చాలావరకు పాడైంది. నీళ్ళలో తడిసిన డిస్కుని మంచినీళ్ళతో కడిగి మెత్తని గుడ్డతో మధ్యలోంచి అంచు వైపు తుడిస్తే తరచుగా మళ్ళీ ఆడుతుంది. తడిసిన హార్డ్ డిస్కుకి ఆ అదృష్టం ఉండదు. అందుకే దాచుకునేవాళ్ళకి బ్లూ-రే మంచిదే అంటాను. కానీ ఒక హెచ్చరిక కూడా చెప్పి తీరాలి. పానసోనిక్ 2023 ఫిబ్రవరిలో, సోనీ 2025 ఫిబ్రవరిలో రాసే బ్లూ-రే డిస్కుల తయారీ ఆపేశాయి. ఇప్పుడు దొరికేవి కొద్ది బ్రాండ్లవే. ఈ దారి ఎంచుకుంటే డిస్కులతోపాటు డ్రైవు కూడా ఒకటి అదనంగా కొని పెట్టుకోండి, ఇంకో కాపీ హార్డ్ డిస్కులో ఉంచండి.

చివరగా, ఇవాళ రాత్రికే చేయగలిగిన పని ఒకటి చెబుతాను. బీరువాలో ఉన్న డిస్కుల్ని తీసి ట్యూబులైటుకి ఎదురుగా పట్టుకుని చూడండి. సూదిమొన గుచ్చినట్టు వెలుతురు చుక్కలు కనిపిస్తే పై పూత లేస్తోందని అర్థం. అంచు దగ్గర గోధుమరంగు మరక పాకుతుంటే అదీ మంచి గుర్తు కాదు. అలాంటివాటిని ముందు కాపీ చేయండి. బొమ్మల కాగితం అంటించిన డిస్కులుంటే ఆ కాగితం పీకకండి, దానితోపాటు సమాచారం ఉన్న పొర కూడా ఊడి రావచ్చు.

డీవీడీ అయితే అందులో వీడియో టీఎస్ అనే ఫోల్డరు ఉంటుంది, దాన్ని మొత్తంగా కాపీ చేసి వీఎల్‌సీలో ఆ ఫోల్డరునే తెరవండి. వీసీడీ అయితే ఎంపెగ్ ఏవీ అనే ఫోల్డర్లో డాట్ ఫైళ్ళుంటాయి, అవీ వీఎల్‌సీలో ఆడతాయి. మధ్యలో ఎర్రర్ వచ్చి ఆగితే డిస్కు తీసి తుడిచి మళ్ళీ పెట్టండి. అప్పటికీ రాకపోతే ఇంకో డ్రైవులో ప్రయత్నించండి. ఒక డ్రైవు చదవలేనిది ఇంకోటి చదవడం మామూలే. కాపీ అయ్యాక మొదట్లో రెండు నిమిషాలు చూసి సరిపెట్టుకోకుండా మధ్యలో, చివర్లో కూడా ఆడించి చూడండి. డిస్కుల్లో దెబ్బ ఎక్కువగా బయటి అంచు దగ్గర తగులుతుంది. రికార్డింగు చివరి భాగం ఉండేది అక్కడే. పెళ్ళి వీడియోలో అప్పగింతలు ఉండేదీ అక్కడే.